గ్రేట్ సాల్ట్ లేక్ నీరు తగ్గిపోతే హేచరీలకు ఆర్టీమియా ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న – నాప్లీతొట్టి

నేను పదకొండేళ్లుగా వనామీ రొయ్యల హేచరీలో పనిచేస్తున్నాను. లార్వా మైసిస్ అనే ఎదుగుదల దశకు వచ్చినప్పటి నుంచి పిల్ల అమ్మకానికి సిద్ధమయ్యే దాకా మేము మేతగా ప్రధానంగా ఆధారపడేది ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి జీవి మీదనే. కాఫీపొడిలా కనిపించే దాని సిస్టులను, అంటే గట్టి పెంకు ఉన్న గుడ్లను, సాయంత్రం పూట కోన్ ఆకారపు తొట్టిలో, ఇరవై ఎనిమిది డిగ్రీల ఉప్పునీటిలో వేసి, గాలి గట్టిగా పెట్టి, పైన లైటు వెలిగించి వెళితే, మర్నాటికి ఆ పొడి అంతా నారింజ రంగు జీవాలుగా మారి ఈదుతూ ఉంటుంది. అప్పుడు గాలి ఆపేసి, తొట్టి పైభాగాన్ని నల్లగుడ్డతో కప్పి, అడుగున లైటు పెడతాము. నాప్లీలు, అంటే అప్పుడే పొదిగిన ఆ పిల్లలు, వెలుతురు వైపు దిగుతాయి, ఖాళీ పెంకులు పైకి తేలుతాయి, అడుగు వాల్వు తిప్పి నాప్లీలను సన్నజాలీలోకి దించుకుంటాము. ఈ పని కొన్ని వేలసార్లు చేసి ఉంటాను కానీ, డబ్బా మీద మూలస్థానం దగ్గర గ్రేట్ సాల్ట్ లేక్ అని ఎందుకు ఉందో మొన్నటి వరకు ఆలోచించలేదు.

ఇటీవల అమెరికాలోని ఆ సరస్సు గురించి చదవడం మొదలుపెట్టాక సందేహాలు పెరిగాయి. 2022లో అది చరిత్రలోనే అతి తక్కువ మట్టానికి పడిపోయిందని ఒకచోట, ఆ మరుసటి ఏడాది మంచు బాగా కురిసి మళ్లీ పెరిగిందని మరొకచోట రాశారు. అయితే ప్రమాదం తప్పినట్టా, తప్పనట్టా? ఎలాగూ ఉప్పునీటిలోనే బతికే ఆర్టీమియాకు ఉప్పు కాస్త పెరిగితే వచ్చే నష్టం ఏమిటి? అన్నిటికంటే ముఖ్యంగా, ప్రపంచం మొత్తానికి అమ్మేటంత గుడ్లను ఏటా ఒకే సరస్సు నుంచి ఎత్తుకుపోతుంటే ఆ జాతి ఎలా నిలబడుతోంది? విషయం తెలిసినవారు ఓపికగా వివరిస్తే సంతోషిస్తాను.

సమాధానం – ఉప్పుగాలి

నేను ఎనిమిదేళ్లుగా సాల్ట్ లేక్ సిటీలో ఉంటున్నాను. శాస్త్రం నా రంగం కాదు కాబట్టి, కళ్లతో చూసింది, ఇక్కడి పత్రికల్లో ఏళ్ల తరబడి చదివింది మాత్రమే చెబుతాను.

ముందుగా ఈ సరస్సు స్వరూపం గురించి. యూటా రాష్ట్రంలో కొండల మధ్య ఉన్న పళ్లెం లాంటి పల్లంలో ఇది ఉంది. మంచుయుగంలో ఇక్కడ బోన్‌విల్ అనే మహాసరస్సు ఉండేది. దాని అలలు కోసిన గట్లు మెట్లలాగా ఇప్పటికీ మా ఊరి కొండల మీద స్పష్టంగా కనిపిస్తాయి. అది కుంచించుకుపోగా మిగిలినదే ఈ సరస్సు. బేర్, వెబర్, జోర్డన్ అనే మూడు నదులు దీనిలోకి వస్తాయి కానీ దీని నుంచి బయటికి పోయే నది ఒక్కటీ లేదు. నీరు ఆవిరై పోవాలే తప్ప మరో దారి లేదు, ఉప్పుకు ఆ దారి కూడా లేదు. సగటు మట్టంలో ఉన్నప్పుడు పొడవు 120 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు ఉంటుంది. లోతు మాత్రం ఎక్కడా పది మీటర్లకు మించదు.

పళ్లెం ఇంత చదునుగా ఉండటం వల్ల నీరు ఒక అడుగు తగ్గినా ఒడ్డు చాలా దూరం జరిగిపోతుంది. 1987లో సరస్సు విస్తీర్ణం 8,500 చదరపు కిలోమీటర్ల వరకు ఉంది. 2022లో అది 2,500 లోపుకు వచ్చింది. 1980లలో ఇక్కడి సమస్య ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. వరద రోడ్లనూ రైలు పట్టాలనూ ముంచేస్తుంటే, ఆరు కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి పెద్ద పంపులు బిగించి, 1987లో సరస్సు నీటిని పశ్చిమ ఎడారిలోకి తోడిపోశారు. ఆ పంపుల సంగతి ఈనాటి పిల్లలకు చెబితే నమ్మరు.

2022 నవంబరులో మట్టం సముద్రమట్టానికి 4,188.5 అడుగుల ఎత్తుకు దిగింది. కొలతలు మొదలైన తర్వాత అంతకంటే తక్కువ ఎన్నడూ లేదు. అంతకు కొంతకాలం ముందే దక్షిణపు ఒడ్డున ఉన్న పడవల రేవులో నీరు చాలక, తెరచాప పడవలను క్రేన్లతో పైకి ఎత్తేశారు. ఆ రోజుల్లో నేను ఒక ఆదివారం యాంటిలోప్ దీవి వైపు వెళ్లాను. పాత ఒడ్డు నుంచి నీటి దాకా నడవడానికి అరగంట పట్టింది. పైన తెల్లటి పెళుసు పొర, దాని కింద నల్లటి బురద, ప్రతి అడుగుకూ అప్పడం విరిగినట్టు చప్పుడు. ఒకచోట వంగి పిడికెడు ఇసుక తీసి చూస్తే అది మామూలు ఇసుక కాదు. ఆవగింజ కంటే చిన్నవి, నున్నగా గుండ్రంగా, ముత్యాల్లా ఉన్న సున్నపు పూసలు. నీటిలో ఏదో ఒక నలుసు చుట్టూ సున్నం పొరలు పొరలుగా పేరుకోవడం వల్ల అవి తయారవుతాయట. ఆర్టీమియా మలపు గుళికల చుట్టూ కూడా అలా పేరుకుంటుందని తర్వాత తెలిసింది.

మామూలుగా ఆ ఒడ్డున నడిస్తే ఉప్పు ఈగలు నల్లటి తివాచీలాగా పరుచుకుని ఉండి, కాలు వేసిన చోటల్లా తెరలా లేచి పక్కకు తప్పుకుంటాయి. అవి మనిషిని కుట్టవు, మొహం మీద వాలవు. ఆ ఏడాది మాత్రం ఆ తివాచీ చాలా పలచగా ఉంది. ఇక్కడివాళ్లు ఎప్పుడూ విసుక్కునే ఆ ఈగలు కనబడక నాకు మొదటిసారి భయం వేసింది.

మీరు అడిగిన ప్రమాదం సంగతికి వస్తే, ఇక్కడి జనానికి ఆర్టీమియా కంటే ధూళి భయం ఎక్కువ. రెండు వేల చదరపు కిలోమీటర్ల మేర సరస్సు అడుగు బయటపడింది. ఆ మట్టిలో సహజంగా ఉండే ఆర్సెనిక్‌తో పాటు, ఒకటిన్నర శతాబ్దాల గనుల, కొలుముల వ్యర్థాలు కూడా ఉన్నాయి. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన వాతావరణ శాస్త్రవేత్త కెవిన్ పెర్రీ ఆ ఎండిన నేలంతా సైకిలు మీద తిరిగి మట్టి నమూనాలు సేకరించారు. పైపొర గట్టిగా ఉన్నంతకాలం ధూళి లేవదనీ, పొర చితికిన కొద్ది భాగం నుంచే ఇప్పుడు లేస్తోందనీ ఆయన తేల్చారు. అందుకే ఆ పొర మీద వాహనాలు నడపవద్దని బతిమాలుతుంటారు, నడిపేవాళ్లు నడుపుతూనే ఉంటారు.

సమాధానం – జలజీవి

నాప్లీతొట్టి గారూ, ఉప్పునీటిలో బతికే ప్రాణికి ఉప్పు పెరిగితే ఏమిటి అన్న మీ ప్రశ్నే ఈ మొత్తం వ్యవహారానికి కీలకం. మత్స్యశాస్త్ర విద్యార్థులకు నేను ఈ సరస్సు ఉదాహరణతోనే పాఠం మొదలుపెడతాను.

ఆర్టీమియాకు శత్రువుల నుంచి తప్పించుకునే బలం ఏదీ లేదు. ముళ్లు లేవు, గట్టి పెంకు లేదు, వేగంగా ఈదలేదు. చేపలున్న ఏ నీటిలో వేసినా వారం తిరగకుండా ఖాళీ అయిపోతుంది. దానికి ఉన్న ఒకే ఒక రక్షణ, మిగతా ప్రాణులు భరించలేని ఉప్పును భరించగలగడం. ఆ భరించడానికి కూడా మూల్యం ఉంది. ఒంట్లోకి చేరే ఉప్పును మొప్పల ద్వారా నిరంతరం బయటికి నెట్టివేయడానికి శక్తి ఖర్చవుతుంది. ఉప్పు పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరిగి, ఎదుగుదలకూ గుడ్లకూ మిగిలే శక్తి తగ్గుతుంది. అందువల్ల ఈ సరస్సు దక్షిణ భాగంలో 12 నుంచి 16 శాతం వరకు ఉప్పు ఉండటం దానికి అనుకూలమని లెక్క వేస్తారు. మీ హేచరీ భాషలో చెప్పాలంటే 120 నుంచి 160 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో ఉప్పు భాగాలు), అంటే సముద్రపు నీటికి మూడున్నర నుంచి నాలుగున్నర రెట్లు.

ఆ పరిధికి కింద ఏం జరుగుతుందో 1980ల వరదలే చూపించాయి. అప్పుడు దక్షిణ భాగంలో ఉప్పు ఆరు శాతం దరిదాపులకు పడిపోయింది. ఉప్పు తగ్గగానే ట్రైకోకొరిక్సా అనే నీటిపురుగు సరస్సు మధ్యకు చొచ్చుకువచ్చి ఆర్టీమియాను వేటాడింది, దాంతో వాటి సంఖ్య కుప్పకూలింది. పరిధికి పైన ఏం జరుగుతుందో 2022లో కాస్త రుచి చూశాము. ఆ శరత్కాలంలో దక్షిణ భాగంలో ఉప్పు 18 శాతం దాటి 19కి చేరువయింది. ఆర్టీమియా అప్పటికీ బతికే ఉంది కానీ, అది తినే నాచు, ఉప్పు ఈగ లార్వాలు అంతకంటే ముందే దెబ్బతిన్నాయి.

ఉప్పుగాలి గారు ఈగల గురించి రాసింది చదివి సంతోషించాను, ఎందుకంటే అందరూ ఆర్టీమియాను తలుచుకుని ఈగను మరిచిపోతారు. సరస్సు అడుగున తక్కువ లోతులో గుమ్మటాల్లాంటి సున్నపు దిమ్మెలు ఉంటాయి. వాటి మీద సూక్ష్మజీవులు మెత్తటి చాపలాగా అల్లుకుని, కిరణజన్య సంయోగక్రియ జరుపుతూ సున్నాన్ని పేరుస్తాయి. సూక్ష్మజీవ శిలలు అని వాటిని పిలుచుకోవచ్చు. ఈగ లార్వాలు మేసేది ఆ చాపనే, ప్యూపాలు పట్టుకుని వేలాడేది ఆ దిమ్మెలనే. మట్టం పడిపోయినప్పుడు ఆ దిమ్మెలు గాలికి బయటపడి, పచ్చటి చాప ఎండి, తెల్లగా పాలిపోయాయి. నీరు తిరిగి వచ్చినా ఆ చాప కోలుకోవడానికి సమయం పడుతుంది. ఆ దిమ్మెలలోనే నెమటోడ్ జాతి సన్నపురుగులు కూడా కాపురం ఉంటున్నాయని 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతవరకు ఈ సరస్సు నీటిలో ఆర్టీమియా, ఈగ తప్ప చెప్పుకోదగ్గ జంతువు లేదనే అనుకునేవారు.

ఈ రెండు మూడు ప్రాణుల మీద ఆధారపడి ఏటా కోటి వరకు పక్షులు, మూడు వందలకు పైగా జాతులు, ఇక్కడ దిగుతాయి. వాటిలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది చెవి గ్రీబ్. ఉత్తర అమెరికాలోని ఈ జాతి పక్షులలో చాలా భాగం, కొన్ని లెక్కల ప్రకారం తొంభై శాతం దాకా, శరత్కాలంలో ఇక్కడే చేరుతాయి. ఒక్కో పక్షి రోజుకు ఇరవై ఐదు వేలకు పైగా ఆర్టీమియాలను తింటుంది. తింటూ తింటూ బరువు రెట్టింపు దాటుతుంది, ఎగరడానికి ఉపయోగపడే కండరాలు సన్నబడిపోతాయి. అంటే ఆ కొన్ని నెలలు అది ఎగరలేదు, మేత తగ్గిందని మరో సరస్సు వెతుక్కోలేదు. బయలుదేరే ముందు కడుపు చిన్నదై, రెక్కల కండరాలు తిరిగి పెరిగాకే లేస్తుంది. మధ్యలో సరస్సులో ఆర్టీమియా లేకపోతే దానికి రెండో దారి లేదు. విల్సన్ ఫాలరోప్ అనే మరో చిన్నపక్షి ఈగలను తిని బలిసి, దక్షిణ అమెరికాలోని ఉప్పు సరస్సుల దాకా ఎగిరిపోతుంది. దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చాలని 2024లో అమెరికా ప్రభుత్వానికి అర్జీ వెళ్లింది. సరస్సు మధ్యలోని గన్నిసన్ దీవిలో గూళ్లు పెట్టుకునే తెల్ల పెలికాన్ల సంగతి మరోరకం. నీరు తగ్గి దీవి ఒడ్డుతో కలిసిపోవడంతో కయోటీలు అనే తోడేలు లాంటి జంతువులు నడిచి వెళ్లగలిగాయి. 2023లో పెలికాన్లు ఆ దీవిని విడిచిపెట్టాయి.

ఇంకొక్క మాట. ఇందాకటి నుంచి దక్షిణ భాగం అని ఎందుకు అంటున్నానో చెప్పాలి. 1959లో రైలు మార్గం కోసం సరస్సుకు అడ్డంగా రాతికట్ట పోశారు. నదులన్నీ కట్టకు దక్షిణాన కలుస్తాయి కాబట్టి ఉత్తర భాగానికి మంచినీరు అందక, అక్కడ ఉప్పు 25 శాతం దాటి, నీరు ఇక కరిగించుకోలేని స్థితికి చేరింది. ఆ నీరు గులాబీ రంగులో ఉంటుంది. ఉప్పును ప్రేమించే ఆర్కియా సూక్ష్మజీవులు, డునాలియెల్లా సలైనా అనే నాచు ఆ రంగుకు కారణం. విమానం నుంచి చూస్తే కట్టకు ఒక పక్క నీలం, మరో పక్క గులాబీ, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. చూడటానికి అందమే కానీ, ఆర్టీమియాకు అది బతుకు లేని చోటు. పాత తూములు చెడిపోయి మూసేసిన తర్వాత, 2016 డిసెంబరులో కట్టకు కొత్తగా గండి కొట్టి పైన వంతెన వేశారు. ఆ గండి అడుగున రాళ్లతో ఒక దిమ్మ ఉంది. 2022లోనూ 2023లోనూ ఆ దిమ్మ ఎత్తును పెంచి, ఉత్తరపు చిక్కటి ఉప్పునీరు దక్షిణానికి రాకుండా, దక్షిణపు పలచటి నీరు ఉత్తరానికి పోకుండా ఆపారు. నన్నడిగితే ఆర్టీమియాను ఆ గడ్డుకాలంలో కాపాడిన పనులలో ఇదే ముఖ్యమైనది. సగం సరస్సును వదులుకుని మిగతా సగాన్ని నిలబెట్టుకోవడమే అది. పెద్ద ఆదర్శమేమీ కాదు కానీ, ఆ సమయానికి మరొకటి చేతిలో లేదు.

సమాధానం – ముక్కుసూటి

అందరూ ఇంత వివరంగా రాశారు కానీ నాకు ఒక సంగతి అర్థం కాలేదు. అది అమెరికా. పసిఫిక్ మహాసముద్రం పక్క రాష్ట్రాల అవతలే ఉంది. సరస్సు ఎలాగూ ఉప్పుదే కదా, సముద్రపు నీటిని పైపుల్లో తెచ్చి పోస్తే సరిపోదా? చమురుకు వేల కిలోమీటర్ల పైపులు వేసేవాళ్లకు నీటికి వేయడం కష్టమా?

సమాధానం – కాలువగట్టు

ముక్కుసూటి గారూ, ఈ ఆలోచన మీకొక్కరికే వచ్చింది కాదు. 2022లో యూటా శాసనసభ్యులు కూడా దీన్ని చర్చకు తెచ్చారు. కాగితం మీద లెక్క వేసి చూద్దాము. సరస్సు సముద్రమట్టానికి దాదాపు 1,280 మీటర్ల ఎత్తున ఉంది. ఒక ఘనపు మీటరు నీటిని అంత ఎత్తుకు చేర్చడానికి, పంపు ఏ నష్టమూ లేకుండా పనిచేసినా, మూడున్నర యూనిట్ల కరెంటు కావాలి. దారిలో ఉన్న పర్వతాలు అంతకంటే ఎత్తు. సరస్సు కోలుకోవడానికి ఏటా అదనంగా చేరవలసిన నీరు సుమారు 120 కోట్ల ఘనపు మీటర్లని 2023 జనవరిలో పరిశోధకులు ఒక నివేదికలో లెక్కగట్టారు. రెండిటినీ గుణిస్తే ఏటా నాలుగు వందల కోట్ల యూనిట్లకు పైగా అవుతుంది. అదీ పైపుల ఖర్చు, రాపిడి, భూసేకరణ ఏదీ కలపకుండానే. పైగా సముద్రపు నీటితో పాటు ప్రతి ఘనపు మీటరుకూ 35 కిలోల ఉప్పు వస్తుంది, బయటికి దారి లేని పళ్లెంలో అది అక్కడే ఉండిపోతుంది.

అసలు నీరు లేక కాదు, వచ్చే నీరు దారిలోనే అయిపోవడం వల్ల ఈ సమస్య వచ్చింది. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు అలవాటైన మాటల్లో చెబుతాను. ఈ సరస్సు శివారు ఆయకట్టు లాంటిది. ఎగువ రైతు తడిపాక, మధ్యలో పట్టణాలు తాగాక, పచ్చికలకు పోశాక, ఏమైనా మిగిలితే దీనికి. నూటయాభై ఏళ్లలో మనుషుల వాడకం వల్లనే సరస్సు దాదాపు 11 అడుగులు దిగిందనీ, నీటి పరిమాణం సగానికి తగ్గిందనీ 2017లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. కరువులు, వేడి పెరగడం దానికి తోడయ్యాయి కానీ, మూలకారణం కాలువలే. వాడకంలో మూడింట రెండు వంతుల దాకా వ్యవసాయానిది, అందులో ఎక్కువ భాగం పశువుల మేత కోసం వేసే లూసర్న్ గడ్డిది. సరస్సు ఒడ్డున ఖనిజాల కోసం ఆవిరి చెరువులు నడిపే కంపెనీల వాటా పదో వంతుకు అటూ ఇటూ.

రైతును తిట్టడం సులువు. కానీ అక్కడి నీటి చట్టం ఎలా ఉండేదో చూడండి. ముందుగా వచ్చి నీటిని మళ్లించినవాడికి ముందు హక్కు, ఏడేళ్లపాటు వరుసగా వాడకపోతే ఆ హక్కు రద్దయ్యే ప్రమాదం. నీటిని నదిలోనే వదిలేయడం వాడకం కిందికి వచ్చేది కాదు. అలాంటప్పుడు పొదుపు చేసిన రైతు నష్టపోయేవాడు, పొదుపు చేయనివాడి హక్కు భద్రంగా ఉండేది. 2022లో యూటా ఈ చట్టాన్ని సవరించి, రైతు తన హక్కు పోకుండానే నీటిని సరస్సు కోసం కౌలుకు ఇవ్వడానికి వీలు కల్పించింది. అదే ఏడాది నాలుగు కోట్ల డాలర్లతో ఒక నిధిని ఏర్పాటు చేసి, దాని నిర్వహణను నేషనల్ ఆడుబన్ సొసైటీ, నేచర్ కన్జర్వెన్సీ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థలకు అప్పగించింది. 2023లో సరస్సు కోసం ప్రత్యేకంగా ఒక కమిషనరు పదవిని సృష్టించింది.

ఇవన్నీ మంచివే. అయితే కాలువల మీద బతికినవాడిగా నా అనుమానం ఒకటి ఉంది. ఎగువన ఒక రైతు పది ఎకరాల తడి మానేశాడనుకోండి, ఆ నీరు వంద కిలోమీటర్ల దిగువన ఉన్న సరస్సు దాకా చేరుతుందని ఎవరు హామీ ఇస్తారు? దారిలో ప్రతి తూము దగ్గరా మరొకడు ఎదురుచూస్తుంటాడు. కొలత పరికరాలు, గేట్ల దగ్గర నిఘా, పంపిణీ లెక్కలు ఇవి లేకుండా కొన్న నీరు కాగితం మీదే ఉంటుంది. చట్టం మార్చడం కంటే ఈ కొలతల పని చాలా నెమ్మదైనది, పేపర్లలో ఫొటో పడని పని. డబ్బు ముందు దీనికి పెట్టాలని నా అభిప్రాయం.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర లేదు. కాలిఫోర్నియాలోని ఓవెన్స్ సరస్సుకు వచ్చే నదిని 1913లో లాస్ ఏంజెలిస్ తన కాలువలోకి మళ్లించుకుంది. 1926 నాటికి సరస్సు ఎండిపోయింది. ఆ అడుగు నుంచి లేచే ధూళిని అణచడానికి ఆ నగరం ఇప్పటికే రెండు వందల కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది, పెడుతూనే ఉంది. దానికి ఉత్తరాన ఉన్న మోనో సరస్సు విషయంలో మాత్రం జనం కోర్టుకెక్కారు. ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడవలసిన ఆస్తి కింద సరస్సు కూడా వస్తుందని 1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 1994లో మట్టం 6,392 అడుగులకు చేరాలని ఉత్తర్వు వచ్చింది. మూడు దశాబ్దాలు గడిచినా ఆ మట్టం ఇంకా రాలేదు. గ్రేట్ సాల్ట్ లేక్ మీద కూడా అదే వాదనతో 2023లో పర్యావరణ సంస్థలు రాష్ట్రం మీద దావా వేశాయి.

మళ్లీ అడిగినది – నాప్లీతొట్టి

అందరికీ ధన్యవాదాలు. నా మొదటి ప్రశ్నలో సగానికి జవాబు దొరికింది. మంచు ఎక్కువ పడిన 2023 తర్వాత పరిస్థితి ఏమిటో, గుడ్లు ఎత్తుకుపోవడం వల్ల జాతికి నష్టం ఉందో లేదో కూడా చెప్పగలరా? ఆర్థికంగా ఆ సరస్సు మీద ఆధారపడినవాళ్లు మా వ్యాపారం వాళ్లేనా, ఇంకెవరైనా ఉన్నారా?

సమాధానం – ఉప్పుగాలి

మట్టం సంగతి నేను చెబుతాను. 2022–23 చలికాలంలో ఇక్కడి కొండల మీద కొలతలు మొదలైనప్పటి నుంచి లేనంత మంచు పడింది, ఆ వేసవికి దక్షిణ భాగం ఐదు అడుగులకు పైగా పెరిగింది. 2024 వేసవి మొదట్లో 4,195 అడుగులు తాకింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది, పత్రికల్లో సరస్సు వార్తలు లోపలి పేజీలకు వెళ్లిపోయాయి. 2025 శరత్తు వచ్చేసరికి మళ్లీ 4,191 దగ్గర ఉంది. ఆరోగ్యకరమని రాష్ట్రమే చెప్పుకున్న మట్టం 4,198 నుంచి మొదలవుతుంది. కాబట్టి ఒక మంచి చలికాలం వాయిదా ఇచ్చింది, అంతే.

ఆధారపడినవాళ్లు చాలామంది ఉన్నారు. తినే ఉప్పు కంటే రోడ్ల మీద మంచు కరిగించే ఉప్పు, పరిశ్రమల ఉప్పు ఇక్కడి నుంచి ఎక్కువగా వెళుతుంది. క్లోరైడ్ సహించని పండ్ల తోటలకు వేసే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఎరువును ఇక్కడి ఆవిరి చెరువులలో తీస్తారు. పశ్చిమపు ఒడ్డున ఉన్న కర్మాగారం 1972 నుంచి దశాబ్దాలపాటు ఈ నీటి నుంచి మెగ్నీషియం లోహాన్ని తయారుచేసింది. సరస్సు వల్ల రాష్ట్రానికి ఏటా 130 కోట్ల డాలర్ల రాబడి, ఏడు వేలకు పైగా ఉద్యోగాలు ఉన్నాయని 2012లో ఒక అంచనా వచ్చింది. సరస్సు మీదుగా వచ్చే గాలి తేమ పట్టుకుని కొండల మీద మంచుగా కురుస్తుంది కాబట్టి, మంచు క్రీడల వాళ్ల లాభంలో కూడా దీనికి కొంత వాటా ఉంది. 2034 శీతాకాల ఒలింపిక్స్ మా ఊళ్లోనే.

సమాధానం – జలజీవి

గుడ్ల విషయం నాకు వదిలేశారు కాబట్టి చెబుతాను. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ, ఈ సరస్సు మీద జరిగే పనులన్నిటిలోనూ బాగా లెక్కతో జరిగేది ఈ కోతే.

ఆర్టీమియా ఆడది వసంతంలోనూ వేసవిలోనూ, మేత పుష్కలంగా ఉన్నప్పుడు, నేరుగా నాప్లీలను కంటుంది. నీరు చల్లబడి మేత తగ్గే సమయానికి పద్ధతి మార్చి, గట్టి పెంకు ఉన్న సిస్టులను విడుస్తుంది. పెద్దవన్నీ చలికి చచ్చిపోతాయి, సిస్టులు మాత్రం తేలుతూ చలికాలం గడిపి, వసంతంలో పొదుగుతాయి. లోపలి పిండం దాదాపు నీరంతా వదిలేసి నిద్రావస్థలోకి వెళ్లే ఈ గుణం వల్లనే అది డబ్బాలో ఏళ్ల తరబడి ఉండి, మీ తొట్టిలో ఒక్క రాత్రిలో లేస్తోంది.

ఈ కోత 1950లలో చిన్నగా మొదలైంది. ఇప్పుడు ప్రపంచంలో వాడే ఆర్టీమియా సిస్టులలో సుమారు నలభై శాతం ఇక్కడివే. అక్టోబరులో సీజన్ తెరుచుకోగానే చిన్న విమానాలు పైన తిరుగుతూ, నీటి మీద ఎర్రమట్టి చారలా తేలే సిస్టుల తెట్టును వెతికి పడవలకు చెబుతాయి. సముద్రంలో చమురు ఒలికినప్పుడు వాడే తేలే కంచెలాంటి దానితో ఆ చారను చుట్టి, దగ్గరికి లాగి, పంపుతో సంచుల్లోకి తోడతారు. ఈ వ్యాపారంలో ఒకప్పుడు పోటీ పడి పడవలు పరిగెత్తించిన కంపెనీలలో ఎక్కువ భాగం 2006లో కలిసి సహకార సంఘంగా ఏర్పడ్డాయి. ఆ తర్వాత తొందర తగ్గింది, పట్టుబడి నాణ్యత పెరిగింది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది. యూటా వన్యప్రాణి శాఖ సిబ్బంది సీజన్ పొడుగునా సరస్సులో నిర్ణయించిన చోట్ల నీటి నమూనాలు తీసి, సూక్ష్మదర్శిని కింద సిస్టులను లెక్కిస్తారు. వసంతంలో కావలసినన్ని పిల్లలు పొదగడానికి లీటరుకు 21 సిస్టులు మిగిలి ఉండాలని వారి లెక్క. సగటు ఆ అంకెకు దిగితే, గడువు జనవరి చివరి వరకు ఉన్నా, కోత ఆ రోజుతో ఆగిపోతుంది. పడవలవాళ్లు కూడా దీనికి ఎదురు చెప్పరు, ఎందుకంటే అంతకంటే ఎక్కువ మిగిల్చినా లాభం లేదని వారికి తెలుసు. వసంతంలో మరీ ఎక్కువ పొదిగితే మే నెలకే నాచునంతా మేసేసి నీటిని అద్దంలా తేటపరుస్తాయి, ఆ తర్వాత ఆకలితో ఎదుగుదల ఆగిపోయి శరత్కాలపు గుడ్లు తగ్గుతాయి.

కాబట్టి నాప్లీతొట్టి గారూ, మీ డబ్బాకు ముప్పు కోత నుంచి లేదు. ఈసారి సరుకు వచ్చినప్పుడు డబ్బా మీద కోత సంవత్సరం ఉంటే గమనించండి. అది 2022 లాంటి ఉప్పు ముదిరిన ఏడాదిది అయితే, గ్రాముకు ఎన్ని నాప్లీలు పొదిగాయో పాత సరుకుతో పోల్చి ఇక్కడ రాయగలరా? సరస్సు ఒడ్డున ఉప్పు కొలిచేవారి లెక్కలు మా దగ్గర ఉన్నాయి కానీ, తొట్టి దగ్గర నిలబడి లెక్కపెట్టేది మీరే.